ఎడిటింగ్ సిస్టమ్‌లో పెండ్లి ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి, ఫార్మాట్ కొట్టించాలా?

ఫోటో స్టూడియో, హనుమకొండ:
అన్నలకు నమస్తే. నయీంనగర్‌లో మాకు ఫోటో స్టూడియో ఉంది. నిన్న రాత్రి నుంచి ఎడిటింగ్ సిస్టమ్‌లో ఫోటోలు, వీడియోలు, కరిజ్మా ఆల్బమ్ డిజైన్లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలు పేరు చివర నాలుగు అక్షరాలు అదనంగా చేరాయి. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైలు కనిపిస్తోంది. 980 డాలర్లు కట్టాలని, 72 గంటల్లో మెయిల్ చేస్తే 490కే ఫైళ్లు తెరిచే తాళంచెవి ఇస్తామని అందులో రాశారు. మా దగ్గర పనిచేసే పిల్లగాడు ఏదో ప్లగిన్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) దొరికిందని ఎక్కించాడట. యాంటీవైరస్ ఆపమంటే ఆపాడట. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు స్క్రీన్ వచ్చిందంటున్నాడు. మాఘం ముహూర్తాల పెండ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ కొడితే వైరస్ పోతుందని ఒక రిపేర్ షాపులో చెప్పారు. కొట్టించాలా? మస్తు టెన్షన్‌గా ఉంది.

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
తమ్ముడూ, ఫార్మాట్ మాట ఇప్పుడు ఎత్తకు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, వైరస్ పోతుంది. దానితోపాటు నీ పెండ్లిళ్లూ పోతాయి. దొంగను ఇంట్లోంచి వెళ్లగొట్టినంత మాత్రాన వాడు వేసిన తాళం ఊడిపోదు కదా. వైరస్ తీయడం ఒక పని, ఫైళ్లు తెరవడం ఇంకో పని.

ముందు నెట్ కేబుల్ పీకెయ్, వైఫై ఆపు. బయటి హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు ఏవి ఉన్నా తీసెయ్. హార్డ్‌డిస్క్ లైటు ఇంకా ఆగకుండా కొట్టుకుంటుంటే లాక్ చేసే పని నడుస్తూ ఉండొచ్చు, పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టి ఆపెయ్.

ఇది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్. నువ్వు చెప్పిన గుర్తులన్నీ అందులో స్టాప్ లేదా డీజేవీయూ అనే రకానివి. 2018 నుంచి తిరుగుతోంది. ఎక్కువగా క్రాకులు, కీజెన్లు (దొంగ సీరియల్ నంబర్లు తయారుచేసేవి), విండోస్ యాక్టివేటర్ల లోపల కూర్చుని వస్తుంది. ఆ అప్‌డేట్ స్క్రీన్ కూడా దొంగదే. నువ్వు దాన్ని చూస్తూ కూర్చుంటావు, వెనకాల ఫైళ్లు లాక్ అవుతుంటాయి. విండోస్ దాచుకునే పాత కాపీలను కూడా అది చెరిపేస్తుంది.

ఫోటో స్టూడియో, హనుమకొండ:
అన్నీ పీకేశానన్నా. ఇంకో రెండు సిస్టమ్‌లు కూడా ఉన్నాయి, వాటికి పాకుతుందా? డబ్బు కడితే నిజంగా ఇస్తారా?

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
ఈ రకం తనంతట తాను పాకదు. కానీ షేర్ చేసి డ్రైవ్‌గా పెట్టుకున్న ఫోల్డర్లు ఉంటే వాటిని కూడా లాక్ చేస్తుంది, ఒకసారి చూసుకో. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై వేరు. ఎవరూ ఏదీ నొక్కకుండానే విండోస్‌లోని లోపం పట్టుకుని నెట్‌వర్క్ అంతా పాకింది. పక్క రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకే తగిలింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

డబ్బు సంగతంటావా, నేనైతే కట్టమని చెప్పను. కట్టాక తాళంచెవి ఇస్తారన్న భరోసా లేదు. 72 గంటలని రాసేది నిన్ను ఉరికించడానికే.

మీసేవ సెంటర్, సుబేదారి:
సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఫైళ్లు వెంటనే రావు గానీ, రేపు పెండ్లివాళ్లు గొడవకు దిగితే చూపించడానికి రసీదు ఉంటుంది. దొంగ నోటు, నాలుగైదు లాక్ అయిన ఫైళ్లు ఆధారంగా దాచిపెట్టండి.

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
మంచి మాట. ఇక అసలు పని. కొత్త హార్డ్‌డిస్క్ ఒకటి తెచ్చి, లాక్ అయిన ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు అందులోకి కాపీ చేయించు. పాత డిస్క్ ఊడదీసి, వేరే మంచి సిస్టమ్‌కు తగిలించి చేస్తే మేలు. దొంగ నోటు వదలకు. సీ డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని కూడా తీసుకో. కొందరు ఫైలు పేరులోని ఆ తోక చెరిపేసి తెరవాలని చూస్తారు. దాంతో ఏమీ కాదు, మనకు గుర్తు పట్టడం కష్టమవుతుంది.

ఇప్పుడు నోట్‌లో పర్సనల్ ఐడీ అని పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది. అది టీ1తో ముగిస్తే అదృష్టం. ఈ వైరస్ మొదలవగానే తన సర్వర్‌ను అడిగి ప్రతి సిస్టమ్‌కు వేరే తాళంచెవి తెచ్చుకుంటుంది. ఆ సమయానికి నెట్ లేకపోయినా, సర్వర్ పలకకపోయినా తన లోపలున్న తాళంచెవే వాడుతుంది. ఆ రకం బారిన పడ్డ అందరికీ అదే తాళంచెవి. ఎమ్సిసాఫ్ట్ కంపెనీ ఉచిత డిక్రిప్టర్‌లో (లాక్ అయిన ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్‌లో) అలాంటి తాళంచెవులు చాలా ఉన్నాయి. టీ1 లేకపోతే, 2019 ఆగస్టు తర్వాతి రకాలకు ఇప్పటికైతే దారి లేదు.

రకం పక్కాగా తెలియాలంటే నో మోర్ రాన్సమ్ సైట్‌లో నోటు, ఒక ఫైలు పెట్టు. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు, మరో రెండు కంపెనీలు కలిసి 2016లో పెట్టిన సైట్ అది, పైసా అడగదు. 'హండ్రెడ్ పర్సెంట్ రికవరీ' అని ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకు.

రైస్‌మిల్లు అకౌంట్స్, పెద్దపల్లి:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాదీ ఇదే బాధ. ఆడిటర్ గారు ఇంటి నుంచి టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) చూస్తారని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి పెట్టాం. తెల్లారేసరికి అన్నీ లాక్. ఎవరూ ఏ క్రాకూ వేయలేదు. ఫైళ్ల పేర్లలో ఒక మెయిల్ ఐడీ, ఫోబోస్ అనే మాట ఉన్నాయి.

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
మీది వేరే దారి సార్. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు నెట్‌కు తెరిచి ఉంటే పాస్‌వర్డ్ ఊహించి మనిషే లోపలికి వచ్చి, యాంటీవైరస్ ఆపి, లాక్ చేసి పోతాడు. ఆ పోర్టు ఇవాళే మూయించండి. ఆడిటర్ గారికి వీపీఎన్ (బయటివాళ్లు చొరబడని రహస్య దారి) పెట్టించండి. లాక్ అయిన టాలీ ఫోల్డర్ మాత్రం చెరపకండి. ఫోబోస్, 8బేస్ రకాలకు 2025 జులైలో జపాన్ పోలీసులు ఉచిత డిక్రిప్టర్ ఇచ్చారు. అప్పటిదాకా ఫైళ్లు దాచుకున్నవాళ్లకే అది అక్కరకొచ్చింది.

ఫోటో స్టూడియో, హనుమకొండ:
అన్నా, నా ఐడీ చివర టీ1 లేదు. ఇక అయిపోయినట్టేనా?

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
కాలేదు. ఈ వైరస్ తొందరలో ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ దాకానే లాక్ చేస్తుంది. పెద్ద వీడియోలో మిగతాదంతా అలాగే ఉంటుంది. డిస్క్‌ట్యూనా వాళ్ల మీడియా రిపేర్ అనే ఉచిత టూల్ ఉంది. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లో తీసిన మంచి క్లిప్ ఒకటి చూపిస్తే దాన్ని బట్టి పాడైనదాన్ని కూడదీస్తుంది. జేపెగ్ ఫోటోలను కూడా వేరే టూల్‌తో అలా బాగు చేయొచ్చు, కాకపోతే పైభాగం కొంత పోతుంది. ఏది చేసినా కాపీ మీదే చెయ్.

అంతకంటే ముందు, కెమెరా కార్డులు ఎక్కడున్నాయి? ఫార్మాట్ కొట్టినా, దానిమీద మళ్లీ షూట్ చేయకపోతే ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చాలావరకు లాగొచ్చు. కార్డు పక్కనున్న చిన్న లాక్ కిందికి జరిపి పెట్టెయ్. ఎల్లుండి షూట్ ఉంటే కొత్త కార్డులు కొనుక్కో, పాతవి ముట్టకు.

వైరస్ తీసే సంగతి: కాపీ అయ్యాక విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ చేసినా చాలావరకు పోతుంది. ప్రతి ఐదు నిమిషాలకోసారి మళ్లీ నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో అది ఒక పని పెట్టుకుంటుంది, అదీ తీసేయాలి. నా మాట వింటే, కాపీ చేసుకున్నాక విండోస్ కొత్తగా కొట్టించు. ఇప్పుడు ఫార్మాట్‌తో ఇబ్బంది లేదు. దీనితోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించేవి కూడా వస్తుంటాయి కాబట్టి జీమెయిల్, బ్యాంక్, స్టూడియో ఇన్‌స్టా పాస్‌వర్డ్‌లు నీ ఫోన్‌లోంచి మార్చు. ఆ సిస్టమ్‌లోంచి వద్దు.

ఫోటో స్టూడియో, హనుమకొండ:
రెండు కార్డులు ముట్టలేదన్నా. ఫోటోరెక్‌తో ఒక పెండ్లి ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి. పేర్లు మారిపోయాయి, మొత్తం కలగాపులగంగా ఉన్నాయి, కానీ తెరుచుకుంటున్నాయి. వీడియోలో తలంబ్రాల క్లిప్ బాగైంది, సౌండ్ కూడా వస్తోంది. డ్రోన్ క్లిప్‌లు మాత్రం కావడం లేదు.

సిస్టమ్ సర్వీస్, కాజీపేట:
డ్రోన్ క్లిప్‌లకు పెద్ద కెమెరా క్లిప్ చూపిస్తే పని కాదు. డ్రోన్ అబ్బాయిని అడిగి, ఆ రోజు పెట్టిన రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్‌లోనే ఒక నిమిషం కొత్తగా తీయించు. దాన్ని చూపించి మళ్లీ నడుపు.