కథ మూడో పేజీ దగ్గర ఆగిపోతోంది, ఏం చేయాలి?

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. రాత్రి అన్నం తిన్నాక గంటసేపు కథ రాసుకుంటాను. ఇప్పటికి ఐదు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి కాలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఒక రైతు గురించి. తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) తెస్తాడు, రేటు నచ్చదు. ఆ రేటుకే అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా? అక్కడిదాకా బాగానే వచ్చింది. మూడో పేజీకొచ్చేసరికి ఆయన ఉపన్యాసం మొదలెట్టాడు! నిజానికి మా యార్డులో రైతు అంతసేపు మాట్లాడడు, బీడీ ముట్టించి ఊరుకుంటాడు.

రోజూ మొదటి పేజీనే దిద్దుతూ కూర్చుంటున్నాను. బాగోకపోయినా చివరిదాకా రాసేసి తర్వాత దిద్దుకోవాలా? ముగింపు ముందే అనుకుని మొదలుపెడతారా? సంభాషణలు మా గుంటూరు యాసలోనే ఉంచితే వేరే జిల్లాలవాళ్లకి ఇబ్బందా? కథలు రాసేవాళ్లు మీ అనుభవం చెప్పండి సార్.