ఈ వారం సమస్య: «నీలకంఠమునకు నీలి లేదు»

నిర్వాహకులు: నీలకంఠమనీ పిలిచే పాలపిట్టను చూస్తుంటే తట్టిన పాదం. శివుణ్ణి పక్కనపెట్టి పిట్ట మీదే పూరించండి.

చెరువుగట్టు:
పాలపిట్ట మెడను పరికించి చూడుమా
గోధుమెరుపు, గీట్లు కొన్ని తెలుపు
రెక్క విప్పినపుడె రేగును నీలిమ
నీలకంఠమునకు నీలి లేదు

తాటిమట్ట: పిట్టను బాగా చూసినవారి పద్యం. కొమ్మ మీద ముడుచుకు కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే రెక్కల్లో రెండు నీలాలు. మూడో పాదం అందుకే నిలిచింది. అయితే ‘మెడ’ అంటే చుట్టూ అని అర్థం వస్తుంది. తెల్లగీట్లు ఉండేది గొంతు మీద, రొమ్ము మీద. ‘పాలపిట్ట గొంతు’ అంటే గణమూ చెడదు, పిట్టా చెడదు.

చెరువుగట్టు: ‘గొంతు’ తీసుకున్నాను.

తాటిమట్ట:
ఈక నూరి చూడ నింకిపోవును వన్నె
గాలిబుడగ లాడు కాంతియాట
రంగుపొడియు గాదు రాలిపడగ నేల
నీలకంఠమునకు నీలి లేదు

నిర్వాహకులు: ‘నీలి’ని నీలిమందుగా తిప్పారు, భేష్! ఆ ఈకలో నీలపు రంగుపదార్థం లేనే లేదు. ఈకను కట్టే కెరటిన్ అనే ప్రొటీన్‌లోని అతిసన్నని గాలిరంధ్రాలు నీలికాంతిని వెనక్కి చిమ్ముతాయి, అడుగున ఉన్న మెలనిన్ అనే ముదురు రంగుపదార్థం మిగతా కాంతిని మింగేస్తుంది. రాలిన ఈకను వెలుగుకు అడ్డంపెట్టి చూస్తే గోధుమరంగే. లకుముకి వీపు నీలానిదీ ఇదే లెక్క.

చెరువుగట్టు: బుడగలంటే విడివిడిగా ఉండాలి. ఇక్కడున్నది స్పాంజిలా కలిసిపోయిన అల్లిక. ‘గాలిగూళ్ళ నాడు’ అనండి, యతి కదలదు. పోయినవారం నా పద్యంలో ఒక్క మాటకు మూడు వ్యాఖ్యలు రాశారు కదా, ఇది దానికి బదులు.

తాటిమట్ట: గూళ్ళు బాగున్నాయి, మార్చేశాను. కానీ పోయినవారం తప్పు మాట తప్పు కాదు, పిట్ట తప్పు. కొమ్ములాంటి పెద్దముక్కున్న హార్న్‌బిల్ పిట్ట గురించి ‘మగడు మూసె తొర్ర మట్టితోడ’ అన్నారు. లోపల కూర్చున్న ఆడపిట్టే తన రెట్టతో, తిండి పిప్పితో తొర్రనోరు పూడ్చుకుంటుంది. మగది బయటినుంచి సన్నని చీలికలోంచి పళ్ళు అందిస్తుంది.

గడ్డివాము:
దసరనాటి బోను దాటలేని పులుగు
జిగురు పూయ రెక్క చితికిపోయె
ఈక లూడి రాలె నిక దేని మొక్కెదు
నీలకంఠమునకు నీలి లేదు

నిర్వాహకులు: ఈ వారం నా మనసు పట్టుకున్న పూరణ ఇదే. దర్శనం కోసమని పిట్టను పట్టి, ఎగరకుండా ఈకలు కత్తిరించి, జిగురు పూసి తిప్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తెలంగాణ రాష్ట్రపక్షికి పండగపూట ఆ గతి పట్టకూడదు.

తాటిమట్ట: భావానికి దండం. మొదటి పాదం చివర ‘నిపులుగు’ నాలుగు లఘువుల నలమే కాబట్టి గణం తప్పలేదు. అయినా ‘దాటగలదె పిట్ట’ అంటే గణమూ చెడదు, ప్రశ్న కావడంతో బిగువూ వస్తుంది.

గడ్డివాము: మార్చాను, ధన్యవాదాలు.

చెరువుగట్టు: తాటిమట్ట గారూ, హార్న్‌బిల్ పాదమూ మార్చాను, చూడండి: ‘ఆలి మూసె తొర్ర నద్ది రెట్ట’.