నది అడుగున తెల్లటి మచ్చలు: ఇవి బ్రౌన్ ట్రౌట్ గూళ్లేనా?

ప్రశ్న: బ్రౌన్ ట్రౌట్ చేపలుండే ఒక చిన్న నదిని వారానికి రెండుసార్లు మోకాలి లోతు నీటిలో దిగి దాటుతుంటాను. నవంబరు మూడో వారం నుంచి, నాచు పట్టి నల్లబడిన గులకరాళ్ల నడుమ ఎవరో తోమి పెట్టినట్టు తెల్లటి మచ్చలు మూడు నాలుగు చోట్ల కనిపిస్తున్నాయి. ఇవి ట్రౌట్ గుడ్లు పెట్టిన చోట్లేనా? అయితే ఎన్నాళ్లు అటు వెళ్లకూడదు?

సమాధానం: నెలను బట్టి చూస్తే గూళ్లే కావచ్చునండి. ఉత్తరార్ధగోళంలో ఈ చేప ఎక్కువగా అక్టోబరు, జనవరి నెలల మధ్య గుడ్లు పెడుతుంది. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో కొడుతుంటే రాళ్లు పైకి లేచి కాస్త దిగువన పడతాయి. అలా ఏర్పడిన గుంటలో గుడ్లు వదిలి, మగచేప వాటిని ఫలదీకరించాక, ఇంకొంచెం ఎగువన తవ్వి ఆ రాళ్లతోనే కప్పేస్తుంది. కాబట్టి అసలైన గూటికి ఎగువన గుంట, దిగువన పొడుగాటి దిబ్బ ఉంటాయి. పశువులు తొక్కిన చోట కూడా రాళ్లు తెల్లబడతాయి గానీ ఈ జత కనిపించదు. గుడ్లు ఉండేది దిబ్బ కింద. చాలామంది గుంటను తప్పించుకుని సరిగ్గా ఆ దిబ్బ మీదే కాలు వేస్తారు.

నీరు 10 డిగ్రీల సెల్సియస్ ఉంటే గుడ్లు పొదగడానికి సుమారు 6 వారాలు, 5 డిగ్రీలుంటే అంతకు రెట్టింపు పైనే పడుతుంది. పొదిగాక కూడా పిల్లలు పొట్టకింది సొనసంచితోనే బతుకుతూ మరికొన్ని వారాలు రాళ్ల సందుల్లోనే ఉండిపోతాయి. ఈలోగా నాచు మళ్లీ పట్టి మచ్చ మాసిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకుండా ఇప్పుడే ఒడ్డున గుర్తు పెట్టుకుని, ఏప్రిల్ చివరిదాకా ఆ చోట దిగకండి.

ప్రశ్న: కృతజ్ఞతలు. మచ్చలకు నాలుగడుగులు ఎగువన దాటితే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. మీ కాళ్ల కింద లేచిన ఒండ్రు కొట్టుకువచ్చి దిబ్బలోని సందులను పూడ్చితే, గుడ్లకు ప్రాణవాయువు తెచ్చే నీటి ఊట ఆగిపోతుంది. గూళ్లకు దిగువన, పెద్ద బండలు పరుచుకున్న చోట దాటండి. మడుగు చివర నీరు పలచబడి వేగం అందుకునే గులకరాళ్ల మేట మాత్రం వద్దు. దాటడానికి మనకు ఎంత అనువుగా ఉంటుందో, గూడు కట్టడానికి ట్రౌట్‌కూ అంతే అనువైన చోటది.