అప్‌డేట్: ఆ ఖరీదైన రెస్టారెంట్‌కి వెళ్లొచ్చాం

పెళ్లిరోజుకి టేస్టింగ్ మెనూ (చిన్న చిన్న వంటకాలు వరసగా వడ్డించే భోజనం) పెట్టే రెస్టారెంట్‌కి వెళ్లాలా, అంత డబ్బు దండగేనా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. మొత్తానికి వెళ్లాం.

"ప్లేటు పెద్దది, తిండి చిన్నది, ఆకలితోనే బయటికొస్తారు" అని చాలామంది భయపెట్టారు. అలా ఏమీ కాలేదు. ఒక్కో వంటకం రెండు మూడు ముద్దలే, కానీ వరసగా వస్తూనే ఉంటాయి. చివరి స్వీటు నేను పూర్తి చేయలేకపోయాను. అన్నీ గొప్పగా ఉన్నాయని చెప్పను. కొన్ని చూడ్డానికే బాగున్నాయి. కానీ ఒక సాస్ ఉంది చూడండీ, గంటల తరబడి మరిగించి చిక్కబరుస్తారట, ఆ రుచి ఇంట్లో నావల్ల కాదు.

మిషెలిన్ స్టార్ (మిషెలిన్ అనే రెస్టారెంట్ గైడ్ ఇచ్చే గుర్తింపు) ఉంటే హంగులన్నీ అదిరిపోతాయని ఆ పోస్టు కింద ఒకరు రాశారు. ఆ స్టార్ ఇచ్చేది ప్లేట్లో ఉన్న వంటకే, అలంకరణకీ సర్వీసుకీ కాదు. కాబట్టి హంగుల కోసమే వెళ్లేవాళ్లు స్టార్లు చూసి లాభం లేదు.

బిల్లు పెరిగేది డ్రింక్స్ దగ్గరే. ప్రతి కోర్సుకీ ఒక వైన్ జత చేసే పెయిరింగ్ మేం వద్దన్నాం, ఎవరూ మొహం చిట్లించలేదు. అలర్జీలేమైనా ఉంటే బుకింగ్‌లోనే చెప్పండి, అక్కడికెళ్లాక మార్చడం వాళ్లకీ కష్టం.

నాకైతే డబ్బులు వచ్చేసినట్టే. మా ఆయన మాత్రం "ఒకసారికి చాలు" అంటున్నారు. ఈసారి లంచ్ మెనూ అడుగుదామనుకుంటున్నా, చాలాచోట్ల అది డిన్నర్ కంటే చవగ్గా ఉంటుంది.