ఫ్లూ టీకా తర్వాత భుజం పట్టేసింది: అమెరికాలో క్లెయిమ్ వేయాలా, వదిలేయాలా?

డాలస్ కోడలు: అక్టోబర్‌లో ఫార్మసీలో ఫ్లూ టీకా వేయించుకున్నా. వేసుకున్న టాప్ స్లీవ్ పైకి మడవకుండా మెడ దగ్గర్నుంచి కిందికి లాగాను. టీకా వేసినతను భుజం కొసన, ఎముక పక్కనే పొడిచాడు. ఆ రాత్రే పోటు మొదలైంది. ఏడు నెలలైనా జడ వేసుకోలేకపోతున్నా. ఎమ్మారైలో బర్సైటిస్ (కీలు దగ్గరి తిత్తి వాపు) అని వచ్చింది. పరిహారానికి క్లెయిమ్ వేద్దామంటే మావారేమో "వీసా మీద ఉన్నాం, ప్రభుత్వంతో గొడవెందుకు" అంటున్నారు.

గోదారోడు: ఆయన మాటే రైటు. సూది నొప్పికే కోర్టుకెక్కితే రేపు టీకా అంటేనే జనం జంకుతారు. బాగుపడేది లాయర్లు.

ఎడిసన్ బావ: కోర్టు అనగానే హడలిపోకండి. టీకా వల్ల గాయపడ్డవాళ్లకి 1986 చట్టంతో వచ్చిన పరిహార పథకం ఇది. ఫార్మసీ తప్పని నిరూపించక్కర్లేదు. ప్రతి డోసు మీద, అది అడ్డుకునే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున వసూలు చేసే పన్నుతో నడిచే నిధి. భుజం గాయాన్ని 2017లో ఈ పథకం కిందికొచ్చే గాయాల జాబితాలో చేర్చారు. 48 గంటల్లో నొప్పి మొదలవ్వాలి, అంతకుముందు ఆ భుజానికి ఏ బాధా ఉండకూడదు, బాధ ఆరు నెలలు దాటాలి. క్లెయిమ్ వేసే గడువు మూడేళ్లు. బాధకిచ్చే పరిహారం 2,50,000 డాలర్లకు మించదు. కేసు సబబైనదైతే ఓడినా లాయర్ ఫీజు నిధే ఇస్తుంది. పౌరసత్వం అడగరు. అన్నట్టు, ఆ రోజు అదే చేతికి కోవిడ్ టీకా కూడా వేయించుకోలేదు కదా? దాని పథకం వేరు. ఏడాదే గడువు, లాయర్ ఫీజు రాదు.

గోదారోడు: మందులో లోపం లేదు, పొడవడంలో ఉంది. దానికి టీకా నిధి ఎందుకివ్వాలి బావా? ఆరోగ్య శాఖే 2021 జనవరిలో దీన్ని జాబితాలోంచి తీసేస్తూ రూల్ తెచ్చింది.

ఎడిసన్ బావ: సగమే చెప్తే ఎలా? అమల్లోకి రాకముందే ఏప్రిల్‌లో రద్దు చేశారు. ఆవిడకి ఫ్లూ టీకా ఎక్కించింది సూదితోనే కదా, మందునీ పొడవడాన్నీ ఎలా విడదీస్తావ్?

గోదారోడు: సరే, తీర్పులో పేరు బయటపడుతుంది. అది కూడా చెప్పు ఆవిడకి.

ఎడిసన్ బావ: నిజమే, మామూలుగా పేరుతోనే పెడతారు. ఆలోచించుకోవాల్సిందే.

డాలస్ కోడలు: కోవిడ్ టీకా వేయించుకోలేదండీ. పేరు సంగతి పక్కన పెడితే నాకు ఇంకో టెన్షన్. డాక్టర్‌కి చూపించింది జనవరిలో. ఆయన నోట్సులో "కొన్ని వారాలుగా నొప్పి" అని రాశారు, 48 గంటల్లోనే మొదలైందని ఎలా చూపాలి? టీకా రోజు రాత్రి మాత్రం అమ్మకి "చెయ్యి లాగేస్తోందమ్మా" అని వాట్సాప్ చేశా. పసుపు, సున్నం పట్టు వేయమంది. అదేమైనా పనికొస్తుందా?

ఎడిసన్ బావ: అదొక్కటే చాలదు గానీ తేదీ, టైమూ ఉన్నాయి కదా, బాగా పనికొస్తుంది. డిలీట్ చేయకండి. ఫోన్ మార్చేలోపే లాయర్‌కి చూపించండి.