కలివికోడికి జెర్డాన్ పేరెందుకు?

లంకమల_కుర్రోడు:
మా కడప వైపు లంకమల అడవుల్లో తిరిగే కలివికోడి అనే పిట్టని ప్రపంచమంతా ‘జెర్డాన్స్ కోర్సర్’ అంటోంది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టింది అక్కడి వేటగాడే. పేరు మాత్రం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన జెర్డాన్ అనే డాక్టరుది. 2023 నవంబరులో అమెరికా పక్షిశాస్త్ర సంఘం తన పరిధిలో మనుషుల పేర్లున్న పిట్టలన్నిటికీ ఇంగ్లీషు పేర్లు మారుస్తామని ప్రకటించింది. మనం మాత్రం ఎందుకు అడగకూడదు?

జువాలజీ_మేడమ్:
బాబూ, ముందు రెండు పేర్లనీ విడదీసి చూడాలి. శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. అందులో జెర్డాన్ లేడు. ‘బైటార్క్వేటస్’ అంటే రెండు కంటెలు వేసుకున్నది అని. రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి కదా, అందుకు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త పెట్టిన జాతి నామం అది. దాన్ని మార్చడం కుదరదు. జంతువులకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పుస్తకం పదో ముద్రణ 1758లో వచ్చింది, పేర్ల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. జంతువుల పేర్లకున్న అంతర్జాతీయ నియమాల ప్రకారం ముందు ఎవరు పెడితే ఆ పేరే నిలుస్తుంది. స్లొవేనియా గుహల్లో ఉండే ఓ గుడ్డి పురుగుకి 1937లో హిట్లర్ పేరు పెట్టారు. అదీ అలాగే ఉంది. నాకూ బాధగానే ఉంటుంది. కానీ నచ్చని పేరునల్లా మార్చుకుంటూ పోతే, పాత వ్యాసంలోని జంతువూ కొత్త వ్యాసంలోని జంతువూ ఒకటేనని పిల్లలకి ఎలా తెలుస్తుంది?

పెన్నా_తీరం:
జెర్డాన్‌ని మరీ దొరల లెక్కలో కట్టేయకండి. ఆయన మా నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. 1860ల్లో అచ్చయిన ఆయన పక్షుల పుస్తకంలో హిందీ, తమిళ పేర్లతో పాటు తెలుగు పేర్లూ ఉన్నాయి. ఆ రోజుల్లో మన పిట్టల పేర్లు మనవాళ్లే రాసిపెట్టలేదు. అడిగి రాసుకున్న మనిషి పేరు ఒక్క పిట్టకి ఉంటే తప్పేంటి?

లంకమల_కుర్రోడు:
మేడమ్, లాటిన్ పేరు జోలికి నేను పోవట్లేదు. రెండు కంటెలు అన్నారు, చాలా బాగుంది, నాకిప్పటిదాకా తెలీదు. నా గొడవంతా ఇంగ్లీషు వాడుక పేరుతోనే. దానికి ఆ నియమాలేవీ వర్తించవు కదా. పెన్నా అన్నా, జెర్డాన్ చేసిన పని మీద నాకూ గౌరవముంది. ఆయన అడిగితే పేర్లు చెప్పినవాళ్లెవరో మాత్రం ఎవరికీ గుర్తులేదు. నేనడిగేది అదే.

గుత్తి_రైల్వే_కాలనీ:
ఊరి పేరో చోటు పేరో పెడితే అంతా సరిపోతుందనుకోకండి. నీలంగా మెరిసే మా గుత్తి సాలీడు సంగతి చూడండి. 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త దాన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. 2001లో కనబడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో! కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంటారు. ఊరి పేరు మా ఊరిదే అయినా, అది బతికే అడవి వేరే. పేరు నమ్ముకుని ఇక్కడ వెతికితే ఏం దొరుకుతుంది?

జువాలజీ_మేడమ్:
ఇది మంచి ఉదాహరణ. అయితే ‘కలివి’ అనేది ఊరు పేరు కాదు, పొద పేరు. ఇక్కడ నేను కుర్రోడి వైపే. ఈ పిట్ట రాత్రి తిరుగుతుంది, కంటికి దొరకదు. పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పరిచి, తెల్లారాక వచ్చి మూడు వేళ్ల అడుగుజాడ పడిందేమోనని వంగి చూసేవాళ్లు. మరీ దట్టంగా ఉన్నచోట అది ఉండదు, మరీ బయలుగా ఉన్నచోటా ఉండదు. ముళ్లపొదలు నరికేస్తే పిట్ట పోయినట్టే. జెర్డాన్ పేరులో ఈ కబురు లేదు, కలివికోడి పేరులో ఉంది.

పెన్నా_తీరం:
ఒప్పుకుంటాను మేడమ్. కాకపోతే పాత పేరు పూర్తిగా చెరిపేయొద్దు. పాత రికార్డులన్నీ దాని కిందే ఉన్నాయి. రెండూ పక్కపక్కన రాయొచ్చు, కలివికోడి ముందు.

లంకమల_కుర్రోడు:
ముందు కలివికోడి ఉంటే నాకదే చాలు అన్నా. ఈ ఆదివారం అడవి దారిలో ఉన్న బోర్డు ఫొటో తీసి పెడతాను. అందులో తెలుగు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని పైకి తెమ్మని అర్జీ రాద్దాం. మేడమ్, శాస్త్రీయ నామం అక్షరదోషాల్లేకుండా మీరు రాసివ్వండి.