ఇంట్లో రెండు భాషలు వినే పిల్లవాడికి మాటలు ఆలస్యమవుతాయా?

ప్రశ్న (రాయదుర్గం, ఒక తల్లి):

మా బాబుకు ఈ మధ్యనే రెండేళ్లు నిండాయి. మేమిద్దరం వాడితో తెలుగులో మాట్లాడతాము. మా అత్తగారిది బళ్లారి కావడం వల్ల ఆమె కన్నడంలోనే మాట్లాడతారు. వాడు పలికే మాటలు పది పదిహేనుకు మించవు, రెండు మాటలు కలిపి ఇంకా చెప్పడు. అయితే చెప్పినదంతా గ్రహిస్తాడు. చెప్పులు తెమ్మంటే తెస్తాడు, ఆకలైతే నన్ను ‘పాలు’ అనీ, అజ్జిని (నానమ్మను) కన్నడంలో ‘హాలు’ అనీ అడుగుతాడు. రెండు భాషలు వినడం వల్లే మాటలు రావడం లేదని, ఇంట్లో తెలుగు ఒక్కటే ఉండాలని బంధువులు అంటున్నారు. మరికొందరు, బడిలో ఎలాగూ ఇంగ్లీషే గనుక ఫోనులో ఇంగ్లీషు పాటలు పెట్టమంటున్నారు. ఈ మాటలు విని అత్తగారు నొచ్చుకుని, వాడితో మాట్లాడటమే తగ్గించారు. ఏం చేయమంటారు?

జవాబు (కర్నూలు, విశ్రాంత ఉపాధ్యాయుడు):

అమ్మా, అత్తగారిని మాత్రం ఆపకండి. నేను ఆదోనిలో పనిచేసిన కాలంలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో చేరేవారు; ఎవరితో ఏ భాష మాట్లాడాలో వాళ్లకు ఒకరు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. మగపిల్లలకు మాటలు కొంచెం ఆలస్యమే, మూడేళ్ల వరకు చూడండి.

జవాబు (కడప, స్పీచ్ థెరపిస్టు):

భాషల గురించి మాస్టారు చెప్పినది సరైనదే గాని, మూడేళ్ల వరకు ఆగమన్న సలహాను నేను ఒప్పుకోలేను. రెండు భాషలు వినడం మాటల ఆలస్యానికి కారణం కాదు. మీ బాబు మీతో ఒక మాట, అజ్జితో ఒక మాట వాడుతున్నాడంటే వాడికి గందరగోళం లేదన్నమాట. అందుచేత మాటలు లెక్కించేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కించండి.

పిల్లలు మాట్లాడటానికి చాలా ముందే భాషను వినడం నేర్చుకుంటారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పసిపిల్లలు 6 నుంచి 8 నెలల వయసులో హిందీలోని ట, త ధ్వనుల తేడాను గుర్తించగలిగారు. ఏడాది నిండే సమయానికి, ఆ తేడా చుట్టూ వినపడనందువల్ల, ఆ శక్తి బాగా తగ్గిపోయింది. అయితే ధ్వని చెవిన పడితే చాలదు, ఎదురుగా మనిషి ఉండాలి. పాట్రీషియా కుల్ బృందం 2003లో అమెరికాలోని 9 నెలల పిల్లలకు చైనీస్ మాండరిన్ వినిపించినప్పుడు, ఎదుట కూర్చుని ఆడించినవారి వద్ద పిల్లలు ఆ ధ్వనులను నేర్చుకున్నారు. అవే మాటలు వీడియోలో చూసిన పిల్లలు నేర్చుకోలేదు. ఫోనులోని ఇంగ్లీషు పాట అజ్జి మాటకు సాటి కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దని, రెండేళ్ల వయసులో రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది.

వాడు ‘కాకి’ అని వేలు చూపితే, ‘అవును, కాకి గోడ మీద వాలింది’ అని ఒక్క మాట పెంచి చెప్పి, వాడి వంతు కోసం కాస్త ఆగండి. మళ్లీ చెప్పమని వెంటపడవద్దు.

ఇక పరీక్ష విషయం. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పని పిల్లలకు, మగపిల్లలైనా సరే, ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. పిలిస్తే పలికినంత మాత్రాన రెండు చెవులూ బాగా వినిపిస్తున్నాయని అనుకోకూడదు. జలుబు వెంట చెవిలో నీరు చేరినా కొన్ని ధ్వనులు మందగిస్తాయి. బాబు గ్రహింపు బాగున్నది గనుక భయపడవలసిన పని లేదు, వాయిదా వేయవద్దని మాత్రమే అంటున్నాను. వచ్చిన మాటలు పోవడం మొదలైతే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి.

జవాబు (అనంతపురం, అంగన్‌వాడీ కార్యకర్త):

ఖర్చుకు వెనుకాడకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరిశీలిస్తాయి. అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. బృందం వచ్చే తేదీని మీ కార్యకర్తను అడగండి, ఆ రోజు అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. బాబు కన్నడంలో ఏయే మాటలు అంటాడో ఆమెకే బాగా తెలుస్తుంది.